బిడ్డ సరే, తల్లి ఎలా ఉంది?

బిడ్డ బరువెంత? పాలు తాగుతోందా? టీకా వేయించారా? ప్రసవమైన ఇంట్లో ప్రశ్నలన్నీ పసికందు చుట్టూనే తిరుగుతాయి. "నీకెలా ఉందమ్మా?" అని బాలింతను అడిగేవారు తక్కువ. ప్రసవానంతర కుంగుబాటును గుర్తించడానికి తొలి మెట్టు ఆ ప్రశ్నే.

అండమాన్ నికోబార్ దీవుల్లో దానికి మరింత విలువ ఉంది. 2011 జనగణన ప్రకారం అక్కడ సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆనవాయితీ. కానీ విశాఖపట్నానికీ, పోర్ట్ బ్లెయిర్‌గా మనకు తెలిసిన శ్రీ విజయపురానికీ మధ్య సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం ఉంది. ఓడలో రెండు రోజులకు పైగా పడుతుంది. కన్నతల్లి దగ్గర లేని బాలింతలో మార్పును ముందుగా పసిగట్టే అవకాశం నర్సుకు ఉంటుంది.

ప్రసవం కాగానే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్ల స్థాయి ఒక్కసారిగా పడిపోతుంది. నిద్ర కరవవుతుంది. కారణం లేకుండా ఏడుపు, చిరాకు రావడం చాలామందిలో ఉండేదే. రెండు వారాల్లో అది తగ్గిపోతుంది. తగ్గకపోగా బిడ్డ మీద మనసు పోకపోవడం, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోవడం, 'నేను మంచి తల్లిని కాను' అనే బాధ కొనసాగితే అది కుంగుబాటు కావచ్చు. ఇది దిష్టి కాదు, గాలి సోకడం కాదు, బద్ధకం అసలే కాదు. మన దేశంలోని 38 అధ్యయనాలను కలిపి 2017లో ప్రచురించిన విశ్లేషణలో ఇది సుమారు 22 శాతం తల్లుల్లో కనిపించింది.

గుర్తించడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. 1987లో వెలువడిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పదే ప్రశ్నలు, మొత్తం 30 మార్కులు. గత ఏడు రోజుల్లో మనసు ఎలా ఉందో అడుగుతారు. మార్కులు ఎక్కువగా వస్తే వైద్యుడి పరీక్ష అవసరం. తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి అడిగే పదో ప్రశ్నకు 'అవును' అని జవాబొస్తే, మార్కులతో పని లేకుండా వెంటనే స్పందించాలి. ప్రశ్నలు తల్లి సొంత భాషలో, అత్తింటివారు పక్కన లేనప్పుడు అడిగితేనే నిజం బయటికి వస్తుంది.

నర్సు వినడం కూడా వైద్యమే. స్కాట్లాండ్‌లో కౌన్సెలింగ్ శిక్షణ పొందిన హెల్త్ విజిటర్ నర్సులు వారానికోసారి ఎనిమిది వారాలు తల్లుల మాటలు విన్నారు. 26 మందిలో 18 మంది కోలుకున్నారు. మామూలు సేవలే అందిన 24 మందిలో కోలుకున్నది 9 మందే. ఈ ఫలితాలు 1989లో వెలువడ్డాయి. తీవ్రమైన కుంగుబాటుకు మందులూ అవసరమే. పాలిచ్చే తల్లులకు తగినవి వైద్యులు ఎంచి ఇస్తారు.

లేని మాటలు వినిపించడం, అయోమయం, బిడ్డకు హాని చేయాలన్న ఆలోచన ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిగతా సందేహాలకు టెలి మానస్ ఉచిత నంబరు 14416 ఉంది. ఈసారి బాలింతను చూడటానికి వెళ్లినప్పుడు, బిడ్డను ఎత్తుకునే ముందు తల్లిని పలకరించండి.