పెరుగుతూనే తరిగిపోయే సొమ్ము

45 ఏళ్ళకే ఉద్యోగం మానేయాలంటే చేతిలో ఎంత ఉండాలి? హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల్లో కుదురుకున్న చాలామంది దంపతులు ఇప్పుడు వేసుకుంటున్న లెక్క ఇది. ఒకరు 2 కోట్లు చాలంటారు, మరొకరు 5 కోట్లకు తగ్గితే కష్టమంటారు. ఇద్దరూ కోట్లలోనే మాట్లాడుతున్నంతసేపు ఎవరి మాట సరైనదో తేలదు. చేతిలోని సొమ్ము ఎన్నేళ్ళ ఖర్చుకు సరిపడా ఉందన్నదే ఇక్కడ నమ్మదగిన కొలత. ఉద్యోగం మానే రోజున ఒకసారి చూసి వదిలేయకుండా, ఆ తర్వాత ప్రతి ఏడూ అదే కొలతతో చూసుకోవాలి.

ముందు ఆ ఏడాది ఖర్చు నిక్కచ్చిగా తేలాలి. నెలకు 60,000 అవుతుందని చెప్పే ఇంట్లో లెక్కకొచ్చేవి కిరాణా, పాలు, కరెంటు, పెట్రోలు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, పనిమనిషి జీతం వంటివి. ఏడాదికి 7 లక్షల 20 వేలు. ఆరోగ్య బీమా ప్రీమియం ఏడాదికోసారి కడతాం కాబట్టి ఈ జాబితాలోకి రాదు. దానికి 50,000 వేసుకుందాం. పదేళ్ళకోసారి 8 లక్షలు పెట్టి కారు మారిస్తే ఏడాదికి 80,000 పడుతుంది. ఇంటికి రంగులు, పాడైన ఫ్రిజ్, ఇన్వర్టర్ బ్యాటరీ, పంటి డాక్టరు ఫీజు కలిపి ఇంకో 50,000. మేనకోడలి పెళ్ళిలో పెట్టుపోతలు, గృహప్రవేశాల్లో చదివింపులు, తిరుపతి ప్రయాణం, సంక్రాంతికి ఊరికి రాకపోకలు కలిసి ఒక లక్ష. మొత్తం 10 లక్షలు తేలింది. 60,000 అనుకున్న నెల ఖర్చు నిజానికి 83,000 దాటింది. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు ఇందులో చేర్చలేదు. వాటికి విడిగా దాచాలి. దీంట్లో కలిపితే లెక్క మొదట్లోనే చెడుతుంది.

ఏడాది ఖర్చుకు 25 రెట్లుంటే చాలన్న సూత్రం బాగా ప్రచారంలో ఉంది. అది అమెరికా నుంచి వచ్చింది. విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1926 నుంచి అక్కడి షేర్లు, బాండ్లు ఇచ్చిన రాబడులను తిరగేసి 1994లో ఒక వ్యాసం ప్రచురించారు. మొదటి ఏడు మొత్తంలో 4 శాతం తీసుకుని, ఆపైన ధరలు పెరిగినంత మేరా పెంచుకుంటూ పోయినా, గడ్డుకాలంలో రిటైరైనవారికి సైతం సొమ్ము 30 ఏళ్ళు నిలిచిందని చూపారు. 4 శాతమంటే 25 రెట్లు. ఆ పరిశోధన విలువైనదే, కానీ అది మామూలు వయసులో రిటైరయ్యే అమెరికన్ల కోసం చేసింది. వాళ్ళకు ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ పెన్షన్ దానికి అదనం. ఇక్కడ 45కే మానేసేవారికి 85 దాకా చూసుకున్నా 40 ఏళ్ళు గడవాలి. భార్య నాలుగైదేళ్ళు చిన్నదైతే ఆమె వయసును బట్టే లెక్క కట్టాలి. ఈపీఎఫ్‌తోపాటు వచ్చే పెన్షన్ 58 నిండితేగానీ పూర్తిగా అందదు. 15,000 జీతం పరిమితి మీద ఆ పెన్షన్ లెక్కయ్యే చాలామందికి 20 ఏళ్ళ సర్వీసుకు నెలకు 5,000 కూడా రాదు.

ఇప్పుడు 10 లక్షల ఖర్చున్న మన కుటుంబం 25 రెట్లు, అంటే 2 కోట్ల 50 లక్షలు ఫిక్సెడ్ డిపాజిట్‌లో వేసిందనుకుందాం. వడ్డీ 7 శాతం, ధరల పెరుగుదల 6 శాతం. మొదటి ఏడు వడ్డీయే 17 లక్షల 50 వేలు వస్తుంది. 10 లక్షలు ఖర్చుపోగా ఏడున్నర లక్షలు మిగిలి అసలులో కలుస్తాయి. రెండో ఏడూ అంతే, మూడో ఏడూ అంతే. 15 ఏళ్ళు గడిచి, మనిషికి 60 వచ్చేసరికి బ్యాంకులో 3 కోట్ల 27 లక్షలుంటాయి. కూర్చుని తిన్నా సొమ్ము పెరిగిందని ఆ ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉంటారు. నిజానికి ఆ మరుసటి ఏడు ఖర్చు దాదాపు 24 లక్షలు, వడ్డీ 23 లక్షల లోపు. అక్కణ్ణుంచి అసలు కరగడం మొదలై, 76వ ఏట ఖాతా ఖాళీ అవుతుంది. వడ్డీ మీద పన్నును ఇందులో కలపలేదు; కలిపితే ఇంకా ముందే అయిపోతుంది. రూపాయల్లో చూసినవారికి 60 ఏళ్ళప్పుడు ఈ ప్రమాదం కనబడదు. అదే సొమ్మును ఆ ఏటి ఖర్చుతో భాగించి చూస్తే, 25 రెట్లున్నది 14 రెట్ల లోపుకు పడిపోయిందని వెంటనే తెలుస్తుంది.

6 శాతం మరీ ఎక్కువ కాదా, రిజర్వ్ బ్యాంకు లక్ష్యం 4 శాతమే కదా అని అడగవచ్చు. ధరలు నెమ్మదించినప్పుడు కాస్త ముందూవెనకగా డిపాజిట్ల వడ్డీ కూడా దిగుతుంది. కనుక విడివిడి అంకెల కంటే రాబడికీ ధరలకూ మధ్య మిగిలే తేడా ముఖ్యం. తేడా ఏమీ లేకపోతే 40 ఏళ్ళకు 40 రెట్లు కావాలి. 1 శాతం మిగిలితే 33, 2 శాతమైతే 27, 3 శాతమైతే 23 రెట్లు సరిపోతాయి. డిపాజిట్లనే నమ్ముకున్న కుటుంబం 33 రెట్లకు, మన ఉదాహరణలో 3 కోట్ల 30 లక్షలకు, తగ్గకుండా చూసుకోవాలన్నది నా అభిప్రాయం.

ఆ తేడా పెంచుకోవడానికే కదా షేర్లు, మ్యూచువల్ ఫండ్లు అన్న మాటా సబబైనదే. దీర్ఘకాలంలో అవి ధరలను మించి రాబడి ఇచ్చాయి. అయితే ఆ రాబడి ఏటేటా సమంగా రాదు. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ అదే ఏడాది అక్టోబరులో 8,000 దిగువకు జారి, 2010 నవంబరులో మళ్ళీ 21,000 చేరింది. జీతం వస్తున్నవారికి అది ఓపిక పడితే గడిచిపోయిన కాలం. ఇల్లు గడవడానికి నెలనెలా యూనిట్లు అమ్ముకున్నవారికి మాత్రం, మార్కెట్ కోలుకునేనాటికి ఆ అమ్మేసిన యూనిట్లు చేతిలో ఉండవు. అందుకే ఉద్యోగం మానేశాక వచ్చే మొదటి పదేళ్ళు కీలకం. నాలుగైదేళ్ళ ఖర్చు డిపాజిట్లలో విడిగా ఉంచుకున్నవారే మిగతాది షేర్లలో ఉంచి నిలదొక్కుకోగలరు.

మన ఇళ్ళలో ఇంతకంటే గట్టిగా వినబడే వాదన స్థలాలది. ఊళ్ళో రెండెకరాలు, శివార్లలో 200 గజాల ప్లాటు, ఉంటున్న ఫ్లాటు కలిపితే 3 కోట్లు దాటాయి, ఇంకేం కావాలి అంటారు. ఉంటున్న ఫ్లాటు అద్దె తప్పిస్తుందే తప్ప కూరగాయలు కొనిపెట్టదు. ప్లాటు అమ్మేదాకా పైసా ఇవ్వదు, పైగా కబ్జా కాకుండా కాపలా కాయాలి. అద్దెకిచ్చిన ఫ్లాటు మీద ఏడాదికి దాని విలువలో 2, 3 శాతం చేతికొస్తే గొప్ప. అద్దెనూ కౌలునూ ఏడాది ఖర్చులోంచి తీసేసి, మిగిలిన ఖర్చుకు రెట్లు లెక్కగట్టడమే న్యాయమైన పద్ధతి. అమ్మదలచిన ప్లాటునైతే పన్ను పోగా ఈ రోజు చేతికొచ్చే ధరకు కలుపుకోవచ్చు. అమ్మే మనసు లేనిదాన్ని కలుపుకోకూడదు.

వయసు మీదపడ్డాక ఖర్చులు తగ్గుతాయన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. తిరుగుళ్ళు తగ్గినచోట ఆసుపత్రి వస్తుంది. కంపెనీ ఇచ్చిన బీమా రాజీనామాతో ఆగిపోతుంది. కొత్త పాలసీలో అప్పటికే ఉన్న బీపీ, షుగర్ లాంటివాటికి 3 ఏళ్ళ దాకా క్లెయిమ్ రాకపోవచ్చు. కాబట్టి సొంత పాలసీ ఉద్యోగంలో ఉండగానే తీసుకుని ఆ గడువు దాటించుకోవాలి.

ఇన్ని రెట్లు కూడబెట్టడం అందరికీ సాధ్యమా అంటే కాదు. సాధ్యం కానివారికి మధ్యేమార్గంగా నాకు కనబడేది చిన్న ఆదాయం. పాఠాలు చెప్పో, లెక్కలు రాసో, వారానికి రెండు రోజులు సలహాదారుగా పనిచేసో మొదటి పదేళ్ళు ఏటా 4 లక్షలు, అదీ ధరలతోపాటు పెరిగేలా, తెచ్చుకోగలిగితే 3 కోట్ల 30 లక్షల అవసరం 2 కోట్ల 90 లక్షలకు దిగుతుంది. అంటే నాలుగేళ్ళ ఖర్చు ముందుగా కూడబెట్టే పని తప్పుతుంది. ఆ 4 లక్షలు మాత్రం రాజీనామాకు ముందే ఒకటి రెండేళ్ళు చేతికి వచ్చి ఉండాలి. ఇంకా మొదలుకాని పని మీద వచ్చే ఆదాయాన్ని ఈ లెక్కలో వేసుకోవడం, అమ్మే ఉద్దేశం లేని ప్లాటును వేసుకోవడం రెండూ ఒక్కటే.