పేస్టు మారిస్తే పళ్ళ మచ్చలు పోతాయా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దుకాణాల్లో పళ్ళు తెల్లబడతాయని రాసి ఉన్న టూత్‌పేస్టులు ఎన్నో దొరుకుతాయి. కానీ మచ్చ ఎక్కడుందో తెలుసుకోకుండా కొంటే డబ్బు దండగే.

టీ, కాఫీ వల్ల పట్టే మరక పంటి పైనే ఉంటుంది. పేస్టులోని సిలికా, కాల్షియం కార్బొనేట్ లాంటి మెత్తటి పొడి దాన్ని రుద్ది తీసేస్తుంది. ఫ్లోరైడ్ మచ్చ అలాంటిది కాదు. ఈ మూడు ఊళ్ళూ ఉన్న ఉమ్మడి నల్లగొండ జిల్లాలో చాలా పల్లెల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. భూమి లోపలి రాళ్ళ నుంచి అది నీళ్ళలో కరుగుతుంది. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. చిన్నప్పుడు, సుమారు ఎనిమిదేళ్ళ లోపు, చిగుళ్ళ లోపల శాశ్వత దంతాల గట్టి పైపొర, అంటే ఎనామెల్, తయారవుతుంటుంది. అప్పుడు ఆ నీళ్ళు తాగితే మచ్చ ఎనామెల్‌లోనే ఏర్పడుతుంది. ఎంత తోమినా పోదు. బొగ్గుతో, ఇటుక పొడితో రుద్దితే ఎనామెల్ అరిగి పళ్ళు జివ్వుమంటాయి!

అందుకే మచ్చ పడకముందే నీళ్ళను బాగుచేసుకోవాలి. పటిక, సున్నం కలిపి నీళ్ళలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ (NEERI) అనే పరిశోధన సంస్థ రూపొందించింది. దాని పేరే ‘నల్లగొండ టెక్నిక్’.

మరి ఫ్లోరైడ్ పేస్టు మానేయాలా? వద్దు. పంటికి పైనుంచి కొద్దిగా తగిలే ఫ్లోరైడ్ పళ్ళు పుచ్చకుండా కాపాడుతుంది. మింగితేనే చిక్కు. మీరు బఠాణీ గింజంత పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమి, ఉమ్మేయండి. మీ ఇంట్లో ఆరేళ్ళ లోపు తమ్ముడో చెల్లెలో ఉంటే ఏ పేస్టు, ఎంత వాడాలో దంతవైద్యుణ్ణి అడగమని అమ్మానాన్నలకు చెప్పండి. తాగడానికి బోరు నీళ్ళు కాకుండా, శుద్ధి చేసిన కృష్ణా జలాల నల్లా నీళ్ళు పట్టుకోండి.