సెలవు చీటీ, ఇంటర్వ్యూ పిలుపు

ఉర్దూలో 'రుఖ్సత్' అనే మాటకు రెండర్థాలు కలవు. పని నుండి పొందే సెలవు ఒకటి, వీడ్కోలు మరొకటి. తెలుగులో 'సెలవు' అనే మాట కూడా అంతే. దరఖాస్తుపై వ్రాసే సెలవూ అదే, ఉపన్యాసం ముగిస్తూ వక్త చెప్పే 'ఇక సెలవు' కూడా అదే. ఒక ఉద్యోగంలో ఉంటూ మరొక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళవలసిన వ్యక్తి ఈ రెండర్థాల నడుమ నిలిచి ఉంటాడు. అతడు కోరేది మొదటి సెలవు. యజమాని శంకించేది రెండవ సెలవును.

మన కళాశాలలో పట్టా పుచ్చుకొన్నవారిలో పలువురు మొదట దొరికిన చిన్న ఉద్యోగంలోనే చేరుతారు. ప్రైవేటు పాఠశాల, మందుల దుకాణం, ఆడిటరు కార్యాలయం వంటివి వారి తొలి మజిలీలు. రెండు మూడేళ్ళ తరువాత ఏదో ధ్రువపత్రం కోసం మా వద్దకు వచ్చి, గొంతు తగ్గించి ఒక ప్రశ్న వేస్తారు: "సార్, మంగళవారం ఉదయం పది గంటలకు ఇంటర్వ్యూ. ఏమని చెప్పి సెలవు అడగాలి?" ఇది చిన్న ప్రశ్న కాదు. ఆ జీతంపై ఇల్లు గడుస్తున్నది. ఇంటర్వ్యూ సంగతి బయటపడి, కొత్త ఉద్యోగం రాకపోతే, ఉన్నచోట ఇంక్రిమెంటు ఆగవచ్చును. చిన్న సంస్థలలో ఏకంగా రేపటి నుండి రావద్దనే మాట కూడా వినవలసి రావచ్చును. అందుచేత గోప్యత కోరుకొనుటను మేము దోషంగా భావించము.

మొదట తెలియవలసినది, సెలవు యజమాని దయాదత్తం కాదు. దుకాణాలు, వాణిజ్య సంస్థలకు సంబంధించిన 1988 నాటి చట్టం రెండు తెలుగు రాష్ట్రాలలోనూ అమలులో ఉన్నది. దాని ప్రకారం ఉద్యోగికి ఏడాదిలో సహేతుకమైన ఏ కారణంపైనైనా 12 రోజుల వరకు జీతంతో కూడిన సాధారణ సెలవు పొందే హక్కు కలదు. అనారోగ్యానికి మరొక 12 రోజులు వేరుగా ఉన్నవి. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి ఆర్జిత సెలవు 15 రోజులు. సాధారణ సెలవు ఇటువంటి సందర్భాలకే ఏర్పడినది. దరఖాస్తులో 'స్వంత పని మీద' అని వ్రాస్తే చాలును. ఆ మాట సత్యమే. ఇంటర్వ్యూ కంటె స్వంత పని మరేముంటుంది?

మౌనానికీ అబద్ధానికీ నడుమ గల గీత ఇక్కడే ఉన్నది. చెప్పకపోవుట వేరు, లేనిది కల్పించుట వేరు. బ్రతికి ఉన్న నాయనమ్మకు దరఖాస్తులో అంత్యక్రియలు జరిపించినవారు ఎందరో కలరు. ఆమె మరొకనాడు మనుమనికి అన్నం డబ్బా పట్టుకొని కార్యాలయం మెట్లెక్కితే కథ అడ్డం తిరుగుతుంది. జ్వరమని చెప్పి వైద్యుని నుండి దొంగ ధ్రువపత్రం తెచ్చుట ఇంకా ప్రమాదకరం. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం అసత్య ధ్రువపత్రం ఇచ్చిన వైద్యుడు క్రమశిక్షణ చర్యకు గురి కావలసి ఉంటుంది. మన అవసరానికి మరొకరి వృత్తిని పణంగా పెట్టరాదు. పైగా అబద్ధానికి జ్ఞాపకశక్తి కావలెను. పది రోజుల తరువాత 'ఒంట్లో ఎలా ఉన్నది?' అని అధికారి ఆప్యాయంగా అడిగితే తడబడవలసి వస్తుంది.

అధికారి సూటిగా 'ఎక్కడైనా ప్రయత్నిస్తున్నావా?' అని అడిగితే ఏమి చెప్పవలెను? ఇదే అన్నింటికంటె కఠినమైన ఘట్టం. లేదని బొంకితే నెల తరువాత రాజీనామా ఇచ్చే రోజున ముఖం చూపలేము. అవునంటే ఈ రోజే చిక్కు. "నా భవిష్యత్తు గురించి ఆలోచించుకొంటూనే ఉంటానండీ, ఏదైనా నిర్ణయం తీసుకొంటే ముందుగా మీకే చెప్తాను" అనుట మాకు తోచిన మార్గం. అందులో అసత్యం లేదు, ఒప్పుకోలు కూడా లేదు. అయితే ఆ మాట అన్న తరువాత దానికి కట్టుబడి ఉండవలెను.

ఇక ఆచరణ. ఇంటర్వ్యూ పిలుపు వచ్చినప్పుడు సమయం మార్చమని అడుగుటకు చాలామంది జంకుతారు. జంకవలసిన పని లేదు. ఉదయం తొలి గంటకో, సాయంత్రం పని ముగిసిన పిమ్మటనో పెట్టమని మర్యాదగా కోరితే అనేక సంస్థలు అంగీకరిస్తాయి. ఉన్న ఉద్యోగంపై ఇంత బాధ్యత గలవాడు మన వద్దనూ అట్లే ఉంటాడని అవతలివారు అనుకొనుట సహజం. తొలి విడత సంభాషణ నేడు వీడియో ద్వారా జరుగుతున్నది గనుక పూటసెలవుతో సరిపోతుంది. ముఖాముఖిని రెండు మూడు విడతలుగా జరిపే సంస్థలను, వీలైతే ఒకే రోజున ముగించమని అడుగవచ్చును. వరుసగా మూడు సోమవారాలు సెలవు పెట్టినవానిని గురించి ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోతుంది.

దుస్తుల విషయం కూడా ఉన్నది. రోజూ చెప్పులతో వచ్చే మనిషి ఆ పూట ఇస్త్రీ చొక్కా, బూట్లతో దర్శనమిస్తే అటెండరే మొదట పసిగడతాడు. పూటసెలవు పెట్టినవారు చొక్కా సంచిలో పెట్టుకొని వెళ్ళుట మేలు. కార్యాలయపు కంప్యూటరు నుండి దరఖాస్తులు పంపరాదు. ఆ యంత్రం యజమానిది, అందులోని జాడలూ ఆయన చూడగలడు. ప్రాణమిత్రుడైనా సహోద్యోగికి చెప్పరాదు. టీ కొట్టు దగ్గర చెప్పిన రహస్యం భోజన విరామానికి మేనేజరు బల్ల చేరుతుంది. దరఖాస్తులో 'ప్రస్తుత యజమానిని ఇప్పుడే సంప్రదించవద్దు' అని స్పష్టంగా వ్రాయవలెను. తెలిసినవారి పేర్లు ఇవ్వవలసిన చోట పాత అధ్యాపకుల పేర్లు, వారిని ముందుగా అడిగి ఇవ్వవచ్చును. ఆ సాయానికి మేమెప్పుడూ సిద్ధమే.

ఇంతవరకు చెప్పినది ప్రైవేటు ఉద్యోగులకు. ప్రభుత్వోద్యోగి విషయంలో ఇది పూర్తిగా తలక్రిందులు. అక్కడ గోప్యతయే నష్టదాయకం. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షకు దరఖాస్తు చేసే ప్రభుత్వోద్యోగి, ఆ సంగతి తన కార్యాలయాధిపతికి వ్రాతపూర్వకంగా తెలియజేసినట్లు హామీ ఇవ్వవలెను. కార్యాలయం అనుమతి నిరాకరించినట్లు కమిషన్‌కు తెలిపితే అభ్యర్థిత్వమే రద్దు కావచ్చును. అధికార మార్గం ద్వారా దరఖాస్తు పంపి ఎంపికైన కేంద్ర ఉద్యోగి 'సాంకేతిక రాజీనామా' ఇచ్చి, పాత సర్వీసు ప్రయోజనాలతోనే కొత్త కొలువులో చేరగలడు. చాటుగా వెళ్ళినవాడు ఆ ఏళ్ళను కోల్పోయే ప్రమాదం ఉన్నది. ఒక్క ఉత్తరం వ్రాయుటకు మొహమాటపడి అన్ని సంవత్సరాల సేవను ఒడ్డుట వివేకం కాదు. పైగా ఇంటర్వ్యూలే ఇప్పుడు తగ్గిపోయినవి. కేంద్రంలో గ్రూప్ సీ, నాన్‌గెజిటెడ్ గ్రూప్ బీ ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుండి వాటిని తొలగించారు. తెలంగాణలో గ్రూప్ 1, గ్రూప్ 2 ఉద్యోగాలకు 2022లో తొలగించారు.

గల్ఫ్ ఉద్యోగాల కోసం బొంబాయి వెళ్ళేవారు మన పేటలలో ఎప్పుడూ ఉంటారు. రాత్రి రైలులో పోయి, మరునాడు ఇంటర్వ్యూ ముగించుకొని, మళ్ళీ రాత్రి రైలులో రావలెనన్నా ఒక పూట సెలవుతో కాదు. సెలవు అడిగే ముందే, పిలిచిన ఏజెంటు 1983 నాటి వలస చట్టం క్రింద నమోదైనవాడా కాదా అని విచారించవలెను. లేనివాని కోసం ఉన్న ఉద్యోగాన్ని అనుమానంలో పడవేసుకొనుట ఎందుకు?

ఎంపికైనట్లు నోటిమాట రాగానే రాజీనామా వ్రాసేవారు కలరు. (ఉర్దూలో రాజీనామా అంటే ఒప్పందపత్రం; రాజీనామాను వారు ఇస్తీఫా అంటారు. మాట మనవైపు వచ్చి ఎట్లో అర్థం మార్చుకొన్నది.) జీతం, చేరవలసిన తేదీ గల నియామక పత్రం చేతికి వచ్చిన తరువాతనే ఆ పని చేయవలెను. నోటీసు గడువు ఎంతో పాత నియామక పత్రంలో ముందే చూచుకొనవలెను. అది నెల కావచ్చును, కంప్యూటరు కంపెనీలలో మూడు నెలలు కూడా కావచ్చును. ఆ గడువు కొత్తవారికి ఇంటర్వ్యూలోనే చెప్పి ఉంచితే తరువాత తొందర ఉండదు. గడువు ముగియు నాటికి అనుభవ ధ్రువపత్రం, విడుదల ఉత్తరం అడిగి తీసుకొని, భవిష్యనిధి సంఖ్యను కొత్త కార్యాలయంలో ఇవ్వవలెను.