‘నేరం ఒప్పుకున్నాడు’ అంటే కేసు తేలిపోయినట్టేనా? పోలీసు విచారణలో మౌనంగా ఉండే హక్కు ఎంతవరకు?

అనకాపల్లి: ముఖానికి ముసుగు, పక్కన ఇద్దరు కానిస్టేబుళ్లు, ముందు టేబుల్ మీద పట్టుబడిన సరుకు. ప్రెస్‌మీట్‌లో ఆఫీసర్ చెప్పే మాట ఒకటే.. ‘విచారణలో నిందితుడు నేరం అంగీకరించాడు’. రెండు నిమిషాల్లో అదే స్క్రోలింగ్. చూసేవాళ్లు కేసు అయిపోయిందనే అనుకుంటారు. కానీ కోర్టులో ఆ మాటకు విలువ ఎంతో తెలుసా? దాదాపు సున్నా.

ఎందుకలా? స్టేషన్‌కు పిలిస్తే నోరు తెరవాల్సిందేనా? ఒక్కొక్కటిగా చూద్దాం.

పోలీసుల ముందు ఒప్పుకుంటే..?

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 23 ఉంది. పోలీసు అధికారి ముందు ఇచ్చిన నేరాంగీకారాన్ని నిందితుడిపై సాక్ష్యంగా వాడకూడదని అది చెబుతోంది. కస్టడీలో ఉన్నప్పుడు వేరేవాళ్ల ముందు ఒప్పుకున్నా, అక్కడ మేజిస్ట్రేట్ లేకపోతే అదీ చెల్లదు. వీఆర్వోలను మధ్యవర్తులుగా కూర్చోబెట్టి సంతకాలు తీసుకున్నా ఈ రూల్ మారదు. బ్రిటిష్ కాలం నాటి ఎవిడెన్స్ యాక్ట్‌లోనూ ఇదే ఉండేది. లాఠీకి భయపడి చేయని తప్పు కూడా ఒప్పుకుంటారన్న సంగతి అప్పటి పాలకులకూ తెలుసు.

సెక్షన్ 22 ఇంకో మాట చెబుతోంది. బెదిరించి, బలవంతపెట్టి, లేదా ‘ఒప్పుకో, నిన్ను వదిలేస్తాం’ అని ఆశపెట్టి రాబట్టిన అంగీకారం కూడా చెల్లదు. కొట్టి ఒప్పిస్తే అది నేరమే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 120 కింద ఏడేళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ల వరకు జైలు.

మరి రికవరీ సంగతి?

ఇక్కడే ఒక మినహాయింపు ఉంది. నిందితుడు చెప్పిన దాన్ని బట్టి వస్తువు దొరికితే, ఆ వస్తువుకు సంబంధించిన మాట వరకు కోర్టు తీసుకుంటుంది. దీనికి దేశమంతా చెప్పుకునే కేసు మన గుంటూరు జిల్లాదే. పులుకూరి కోటయ్య కేసుగా పేరుపడ్డ ఈ వ్యవహారం 1940ల్లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. గడ్డివాములో బరిసె దాచానని, వస్తే చూపిస్తానని నిందితుడు చెప్పాడు. దాచిన చోటు చెప్పిన ముక్క వరకే సాక్ష్యం, ఎలా చంపారో చెప్పిన కథంతా సాక్ష్యం కాదని తీర్పు వచ్చింది. ఇవాళ్టికీ కోర్టులు అదే కొలబద్ద వాడుతున్నాయి.

గంజాయి కేసుల్లో ఏం జరుగుతుంది?

మన జిల్లా వాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇదే. ఏజెన్సీ నుంచి నర్సీపట్నం మీదుగా హైవే వైపు వెళ్లే గంజాయి తరచూ పట్టుబడుతోంది. దొరికిన కుర్రాడు ఏ1. ‘ఫలానా వాడు ఇచ్చాడు’ అని అతను చెప్పాడంటూ ఇంకొకరు ఏ2 అవుతారు. ఆ రెండో మనిషి దగ్గర ఏమీ దొరక్కపోయినా సరే.

నార్కోటిక్స్ అధికారులు తీసుకునే స్టేట్‌మెంట్లకు ఒకప్పుడు కోర్టుల్లో విలువ ఉండేది. 2020 అక్టోబర్ 29న తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2-1 మెజారిటీతో దాన్ని మార్చేసింది. ఎన్‌డీపీఎస్ చట్టంలో దర్యాప్తు అధికారాలున్న వాళ్లూ పోలీసు అధికారులతో సమానమేనని, వాళ్ల ముందు ఇచ్చిన నేరాంగీకారంతో శిక్ష వేయలేరని చెప్పింది. ఏ1 మాట దర్యాప్తుకు దారి చూపిస్తే చూపించొచ్చు. ఏ2పై నేరం రుజువు కావాలంటే మాత్రం కాల్ డేటా, డబ్బు లావాదేవీలు, సరుకు లాంటి వేరే ఆధారాలు కావాలి.

మౌనంగా ఉండొచ్చా?

ఉండొచ్చు. తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాలని నిందితుడిని ఎవరూ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం ఆర్టికల్ 20(3) చెబుతోంది. ఈ హక్కు కోర్టు బోనులోనే కాదు, పోలీస్ స్టేషన్‌లోనూ ఉంటుందని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ శతపథి పోలీసుల ప్రశ్నలకు జవాబివ్వనన్నందుకు ఆమెపై కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టుకు వెళ్తే జస్టిస్ వీఆర్ కృష్ణయ్యర్ బెంచ్ ఈ తీర్పు ఇచ్చింది. సమ్మతి లేకుండా నార్కో టెస్ట్ చేయకూడదని 2010లో సెల్వి కేసులో చెప్పింది కూడా ఈ హక్కు ఆధారంగానే.

అయితే ఒక తేడా గమనించండి. మిమ్మల్ని నేరంలో ఇరికించే ప్రశ్నకే మౌనం. నోటీసు వస్తే వెళ్లాల్సిందే. పేరు, ఊరు చెప్పనంటే కుదరదు. సాక్షిగా పిలిస్తే తెలిసింది నిజంగా చెప్పాలి. వేలిముద్రలు, రక్త నమూనాలు కూడా ఈ హక్కు కిందకు రావు.

అమెరికాలో అయితే కస్టడీలో ప్రశ్నించే ముందు ‘మౌనంగా ఉండే హక్కు నీకుంది’ అని పోలీసులే చెప్పాలి. 1966 నాటి మిరాండా తీర్పుతో వచ్చిన రూల్ అది. మన దగ్గర ఆ సంగతి పోలీసులు చెబుతారని ఎదురుచూడకండి. ముందే తెలిసి ఉండాలి.

మరి ఏ అంగీకారం చెల్లుతుంది?

మేజిస్ట్రేట్ ముందు, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 183 కింద ఇచ్చింది. ‘నువ్వు చెప్పాల్సిన అవసరం లేదు, చెబితే నీపైనే వాడొచ్చు’ అని మేజిస్ట్రేట్ ముందుగా హెచ్చరించాలి. ఇష్టపూర్వకంగానే చెబుతున్నాడని నమ్మకం కుదిరాకే రాసుకోవాలి. అక్కడికి వెళ్లాక ‘నేను చెప్పను’ అంటే, ఆ కారణంతో మళ్లీ పోలీసు కస్టడీకి పంపకూడదు. చట్టంలోనే ఉన్న రక్షణ ఇది.

ఎనిమిదేళ్లు జైల్లో..

ఇదంతా పుస్తకాల్లో మాటే అనుకోవద్దు. 2007 డిసెంబర్ 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008 ఆగస్టులో ఓ పేద యువకుడిని అరెస్ట్ చేసిన పోలీసులు, నేరం ఒప్పుకున్నాడని ప్రకటించారు. 2010లో కింది కోర్టు 14 ఏళ్ల శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. అప్పటికే ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. అటు కూతుర్ని పోగొట్టుకున్న కుటుంబం ఏళ్ల తరబడి న్యాయం కోసం తిరుగుతూనే ఉంది. ‘ఒప్పుకున్నాడు’ అన్న మాట దగ్గరే దర్యాప్తు ఆగిపోతే రెండు వైపులా నష్టమే.

మీ ఇంట్లో వాళ్లను తీసుకెళ్తే..

- అరెస్టుకు కారణం చెప్పాలి. ఇంటివాళ్లకు సమాచారం ఇవ్వాలి.
- ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి.
- విచారణ సాగుతుండగా లాయర్‌ను కలిసే హక్కు ఉంది (బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 38). మొత్తం సేపూ పక్కన ఉండాలని మాత్రం లేదు.
- మహిళలను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 దాటిన వాళ్లను సాక్షులుగా విచారించాలంటే స్టేషన్‌కు రమ్మనకూడదు. పోలీసులే ఇంటికి రావాలి.
- ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టొద్దు. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది.
- కొట్టి ఉంటే రిమాండ్ సమయంలో మేజిస్ట్రేట్‌కు నేరుగా చెప్పండి. గాయాలు చూపించండి. అక్కడ భయపడి ఊరుకుంటే తర్వాత రుజువు చేసుకోవడం కష్టం.
- లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయొచ్చు. నిందితుడికి ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

ఈసారి ‘నేరం అంగీకరించాడు’ అన్న బ్రేకింగ్ కనిపిస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి.. ఎవరి ముందు? జవాబు ‘పోలీసుల ముందు’ అయితే, కోర్టులో రుజువు కావాల్సింది ఇంకా అలాగే ఉన్నట్టు.