రేపు నేర్పుదామనుకున్న అక్షరాలు

నేటి పోటీ యుగంలో పిల్లలు, పెద్దలు అందరూ చెప్పే మాట ఒక్కటే: ‘సమయం చాలడం లేదు’. అయినా ఆ ఇళ్లలోనే బడి బస్సు తప్పిపోదు, మిల్లు షిఫ్టుకు ఎవరూ ఆలస్యంగా వెళ్లరు. వేళ నిర్ణయమైన పని జరుగుతుంది. ‘తరువాత చూద్దాం’ అన్న పని వాయిదా పడుతుంది.

విరుదునగర్ జిల్లాలోని మా రాజపాళయం నూలు మిల్లుల ఊరు. పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో ఇక్కడ రాజపాళయం మిల్స్‌ను స్థాపించారు. షిఫ్టుల లెక్కన బ్రతకడం మాకు అలవాటే. అయితే తెలుగు మాట్లాడే మా ఇళ్లలో ఒక పని మాత్రం ఏళ్ల తరబడి వాయిదా పడుతోంది. అది పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పడం. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడులలో 1వ తరగతి నుంచి తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. అది మనకు అన్నం పెట్టే భాష, శ్రద్ధగా నేర్వవలసినదే. ఇంట్లో నేర్పవలసిన తెలుగుకు మాత్రం పరీక్ష లేదు, గడువు లేదు.

ఉపాధ్యాయ వృత్తిలో ఉండి నేను కూడా ఈ తప్పు చేశాను. ‘వేసవి సెలవులలో నేర్పుదాం’ అంటూ మూడు వేసవులు గడిపాను. మా అమ్మ పోయిన తరువాత ఆమె ఉత్తరాలు పెట్టెలో దొరికాయి. ఏడవ తరగతి చదువుతున్న మా అబ్బాయి ఒకటి చేతిలోకి తీసుకుని, ‘అవ్వ ఏం వ్రాసినారు? మీరే చదివి చెప్పండి’ అన్నాడు. మరునాడే మొదలుపెట్టాము.

వాయిదాకు సోమరితనం ఒక్కటే కారణమనుకోరాదు. పని పెద్దదిగా కనిపించడం, తప్పు చేస్తామన్న భయం, అంచనా తప్పడం కూడా కారణాలే. 1994లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కెనడా విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసాన్ని సుమారు 34 రోజులలో ముగిస్తామన్నారు. సగటున 55 రోజులకు పైగా పట్టింది.

మా ఇంట్లో పాటించిన పద్ధతులు ఇవి:

1. పనిని చిన్న భాగాలు చేయండి. వర్ణమాలలో 56 అక్షరాలు. రోజుకు రెండు చొప్పున 28 రోజులు. గుణింతాలు, ఒత్తులు ఆ తరువాత.

2. వేళ, చోటు ముందే నిర్ణయించండి. ‘సాయంత్రం చదువు’ అంటే చాలదు. ‘దీపం పెట్టగానే వసారాలో 15 నిమిషాలు’ అనాలి. మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో వివరించిన సూత్రం కూడా ఇదే: ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో ముందుగా నిశ్చయించుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుంది.

3. పెద్దలూ ప్రక్కన కూర్చోవాలి. ఆ 15 నిమిషాలలో తాము వాయిదా వేసిన బ్యాంకు కాగితమో, రేషన్ కార్డు దరఖాస్తో పూర్తి చేయాలి. టీవీ, సెల్‌ఫోన్ ఆపివేయాలి.

4. ఒకరోజు తప్పితే తిట్టరాదు. మరునాడు అదే వేళకు మళ్లీ కూర్చోవాలి.

మా అబ్బాయి ఇప్పుడు కూడబలుక్కుంటూ అవ్వ ఉత్తరంలోని మొదటి పంక్తులు చదువుతున్నాడు. వినవలసిన ఆమె లేదు. మీ ఇంట్లో వాయిదా పడుతున్న పని వేరొకటి కావచ్చు. దానికి ఈ సాయంత్రమే ఒక వేళ నిర్ణయించండి.