వరద దిగిన వెనుక కూలెడి ఒడ్లు

ఇంగ్లండు తూర్పుతీరమున హోల్డర్‌నెస్ అను ప్రాంతమున్నది. అచ్చట సముద్రమునకు ఎదురుగా నిలిచిన మట్టిగుట్టలు, పూర్వము హిమానీనదములు మోసికొనివచ్చి పరచిన బంకమన్నుతో ఏర్పడినవి కావున, ఏటేట రమారమి రెండు మీటర్లు వెనుకకు తగ్గుచు, రోమనుల కాలమునుండి నేటివరకు ఎన్నో గ్రామములను కడలిపాలు చేసినవి. మన రాష్ట్రములోను విశాఖపట్టణమునకు భీమునిపట్టణమునకు నడుమ కడలి యొడ్డున నున్న ఎర్రమట్టి దిబ్బలను వాననీరు కోసి కోసి లోతైన వంకలుగా చీల్చుచునే యున్నది. కర్నూలు, కడప సీమలవారికి సముద్రమును లేదు, కెరటమును లేదు గనుక ఈ యుపద్రవముతో తమకు పనిలేదని తోచుట సహజము. కాని కెరటము చేయు పనిని ఏటినీరు చేయగలదు. మట్టిగుట్టకు బదులు నదీతీరమున రెండు నిలువుల యెత్తున నిటారుగా నిలిచిన నల్లరేగడి యొడ్డు చాలును. కూలుటలోని సూత్రము రెండుచోట్లను ఒక్కటే.

నల్లమలకు ఎర్రమలకు నడుమ పల్లముగా పరచుకొన్న నేలపై కుందూనది నంద్యాల, కోవెలకుంట్ల, చాపాడుల మీదుగా దక్షిణమునకు పారి, కమలాపురము సమీపమున పెన్నలో కలియును. ఈ పల్లపునేల అడుగున నున్నది నంద్యాల పేరుతోనే భూగర్భశాస్త్రజ్ఞులు వ్యవహరించు షేల్ అను మెత్తని పొరలరాయి. పైన నున్నది నల్లరేగడి. అదే కడప జిల్లాలో గండికోట దగ్గర పెన్నను చూడుడు. అచ్చట నది ఎర్రమల కొండలలోని క్వార్ట్‌జైట్ అను మిక్కిలి కఠినమైన రాతిని కోసికొని పోయినది. ఆ రాతిగోడలు నెఱ్ఱెలవెంట పెద్ద పెద్ద బండలుగా విడివడి పడుటయే తప్ప, మనుష్యుని యొక జీవితకాలములో వాని రూపము మారినట్లు కనబడదు. గండికోటను చూచుటకు జనులు దేశదేశములనుండి వత్తురు. కుందూ యొడ్డును చూచువారు లేరు. కాని రైతు బ్రదుకునకు సంబంధించినంతవరకు, ఒక్క రాత్రిలో రెండు గజముల పొలమును మ్రింగగల రేగడి యొడ్డే ఎక్కువ పరిశీలింపదగినదని నా నిశ్చయము.

నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అను ఖనిజము అధికముగా నుండును. దాని కణములు తమలపాకుల కట్టవలె అతిసూక్ష్మమైన రేకులు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండి, రేకునకు రేకునకు నడుమ నీరు చొచ్చినకొలది కట్ట ఉబ్బును, నీరు పోయినకొలది కుదించుకొనును. ఈ కుదింపు వలననే వేసవిలో రేగడిచేలు నెఱ్ఱెలువాసి, కొన్నిచోట్ల మీటరు లోతునకు మించి చీలును. ఎండిన రేగడి రాయివంటిది. దాని సూక్ష్మరంధ్రములలో మిగిలిన కొద్దిపాటి తేమయే కణములను ఒండొంటికి లాగి పట్టియుంచును గనుక, అంత యెత్తున నిటారుగా నిలువగలుగుచున్నది. అనగా ఆ యొడ్డును నిలబెట్టునది దాని యెండుదనమే. కర్నూలు ప్రాంతమున ఏడాదికి సగటున 670 మిల్లీమీటర్లు, కడప ప్రాంతమున 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియుట రేగడి యొడ్డులకు ఒకవిధముగా రక్షయే. ఆ కొద్ది వానయు సంవత్సరమంతట పంచుకొని కురియక, వాయుగుండము పట్టిన నాలుగైదు దినములలో కుంభవృష్టిగా దిగునప్పుడు మాత్రము ఆ రక్ష తొలగును. తొలివాన నేలపై పారక ముందుగా నెఱ్ఱెలలో దిగి, పైపొర తడియకమునుపే లోతున నున్న మట్టిని తడుపును.

ఇప్పుడు ఒడ్డు కూలు క్రమమును చూతము. సామాన్యముగా జనులు వరద ఉద్ధృతముగా నున్నప్పుడే భయపడుదురు. నీరు తగ్గుముఖము పట్టగానే అపాయము తప్పినదని ఒడ్డునకు పోయి నిలుతురు, పశువులను తోలుదురు, కొట్టుకొనిపోయిన మోటారును వెదకుదురు. వాస్తవమున నది నిండుగా ప్రవహించునంతసేపు, ఆ నీటి బరువే ఒడ్డును ప్రక్కనుండి ఒత్తి పట్టి దానికి ఊతమిచ్చుచుండును. ఆ సమయముననే నీరు మెల్లమెల్లగా ఒడ్డులోనికి ఇంకి, మట్టి బరువును పెంచి, కణముల నడుమనున్న పట్టును సడలించుచుండును. ఏరు దిగుట గంటలలో జరుగును. బంకమట్టిలో చేరిన నీరు దిగుటకు దినములు, వారములు పట్టును, ఏలయన అంతటి సన్నని రంధ్రములలో నీరు కదలుట అత్యంత మందము. అందువలన ఊతము తొలగిపోయినను లోపలి నీటిపీడనము మిగిలియే యుండి, నీటిబరువుతో భారమై, పట్టు సడలి, తోడులేక నిలిచిన ఒడ్డు తన బరువునకు తానే ఓర్వలేక, లోపల వంపుగా నేర్పడిన జారుడు తలము వెంబడి క్రిందికి దిగును. కూలిన గడ్డ పైభాగము పొలము వైపునకు వ్రాలును. అడుగు భాగము ఏటిలోనికి ఉబికి వచ్చును. ఒడ్డుమీది తుమ్మచెట్టు ఏటివైపునకు గాక చేనివైపునకు ఒరిగియున్నచో, అచ్చట నేల ఇట్లు తిరిగి దిగినదని తెలిసికొనవచ్చును.

దీనికి పూర్వసూచన లేకపోలేదు. ఒడ్డు అంచునకు సమాంతరముగా ఒకటి రెండు గజముల లోపల నేలపై ఒక చీలిక మొదట సన్నగా పుట్టి, దినదినము వెడల్పగును. వేసవి నెఱ్ఱెలు చేనంతట అడ్డదిడ్డముగా అల్లుకొనియుండును. ఈ చీలిక మాత్రము ఏటి పోకడనే అనుసరించి పోవును, కావున రెంటికిని భేదము గుర్తించుట కష్టము కాదు. అందులో వాననీరు నిండినప్పుడు, ఆ నీటి ఒత్తిడియే మట్టిగడ్డను ఏటివైపునకు నెట్టును. మరియొక కారణము అడుగున నున్నది. రేగడి క్రింద పలుచోట్ల ఇసుకపొరలుండును. ఊట ఆ యిసుకను రేణువు రేణువుగా బయటికి తెచ్చి పారవేయుటచే ఒడ్డు పాదము గుల్లయగును. ఏటి వంపులలో వెలుపలి దరిని ప్రవాహమే పాదమును కోయును. పాదమునొద్ద ఇసుక తవ్వుకొనిపోవు మనుష్యులు ఈ పనిని నదికంటె వేగముగా చేయుదురు. కూలిన మట్టి కొంతకాలము పాదమునకు కట్టువలె నుండి రక్షించును. మరుసటి ప్రవాహము దానిని కొట్టుకొనిపోయినంతనే మొదటి స్థితి వచ్చును. హోల్డర్‌నెస్‌లో కెరటములు ఏడాది పొడవునను చేయు పనిని కుందూ తన కొద్దిపాటి వరదదినములలోనే ముగించును.

కాలువలకును ఈ న్యాయమే వర్తించును. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860 తరువాతి దశాబ్దములో తుంగభద్రపై సుంకేసుల ఆనకట్టనుండి త్రవ్వించిన కర్నూలు-కడప కాలువను ప్రభుత్వము 1882లో కొనినది. రేగడినేలలో త్రవ్విన ఇట్టి కాలువలను నీరు కట్టివేయునప్పుడు ఒక్కసారిగా దింపినయెడల గట్లు లోపలికి జారును. రేగడి ఉబ్బునకు కాలువలో పరచిన సిమెంటు పలకలే పగులును. బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్య ఆర్.కె. కట్టి ఈ చిక్కును పరిశోధించి, రేగడికిని పలకకును నడుమ ఉబ్బని స్వభావముగల జిగటమట్టిని తగిన మందమున దిమ్మిస వేసిన ఉబ్బు అదుపగునని చూపెను. నేడు దేశమున రేగడినేల కాలువలకు ఆ పద్ధతినే వాడుచున్నారు.

ఈ సీమ పెద్దలకు మట్టి గుణము తెలియనిది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును విజయనగర రాజగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించి, 1369లో శాసనము వేయించెను. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు రెండేండ్లు పనిచేసిరని చెప్పుటయే గాక, చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆఱు దోషములను అది లెక్కించినది. ఆ దోషములలో కట్టనుండి నీరు ఊరుట యొకటి, చవుటినేల మరియొకటి. రెండవదానిని పంటకు పనికిరాని నేల యన్న అర్థముననే గ్రహింపవచ్చును; కాని సోడియము మిక్కుటమైన చవుటిమన్ను నీటిలో తనంతట తానే విడివడి పాలవలె కలియునని, కట్టలో అట్టి మన్నున్నచో సన్నని ఊట క్రమముగా సొరంగమగునని నేటి శాస్త్రము చెప్పుచుండగా, ఆ రెండు దోషములను ఒకే వరుసలో చేర్చిన శిల్పుల అనుభవము మీద నాకు గౌరవము హెచ్చుచున్నది. మట్టిమిద్దెలపై ఈ చవుడునే పరతురు. తడిసి విడివడిన కణములు రంధ్రములను పూడ్చి మిద్దె కారకుండ చేయును. మిద్దెపై మేలుచేయు మన్నే కట్టలో చేటు తెచ్చును. అనుమానమున్న మట్టి పెళ్ళను కదలని తేటనీటి గ్లాసులో వేసి చూచినచో, అది విరిగి అడుగున కుప్పపడినను భయములేదు. దాని చుట్టు తెల్లని మబ్బు వ్యాపించినచో ఆ మట్టిని కట్టకు వాడరాదు.

కట్ట కూలుటకు వేరొక తెఱగు కలదు. 2021 నవంబరు 19న చెయ్యేటిపైని అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టపైనుండి వరద పొర్లెను. పైన నున్న పింఛా ప్రాజెక్టు కట్టయు తెగియుండెను. నీరు పొర్లునప్పుడు మట్టికట్ట వెనుక వాలు అడుగునుండి కోతపడుచు, ఆ కోత మెట్టుమెట్టుగా శిఖరమునకు ప్రాకును; శిఖరము చేరినపిమ్మట కట్ట తెగుట నిమిషముల పని. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట గ్రామములు కొట్టుకొనిపోయెను, పొలములు ఇసుకమేటలయ్యెను, ఎందరో ప్రాణములు కోలుపోయిరి. అదే నెలలో కమలాపురము దగ్గర పాపఘ్నిపై వంతెనయు కూలెను. 

ఇట్లు కోసుకొనిపోయిన మట్టి ఎచ్చట చేరుచున్నది? 1953లో నీరు నిలిపిన తుంగభద్ర జలాశయమునకు మొదట దాదాపు 133 టి.ఎం.సి.ల సామర్థ్యముండగా ఇప్పుడు లెక్కించునది 105.79 టి.ఎం.సి.లు మాత్రమే. శ్రీశైలమునకు 308 ఉండగా నేడు 215.81. ఒక్క ఏటి ఒడ్డులే దీనికి కారణమని కాదు, ఎగువనున్న చేల పైమట్టియు ఇందున్నది. సముద్రమునకు చేరవలసిన ఒండ్రు జలాశయములలో నిలిచిపోవుటచే కృష్ణా, గోదావరుల డెల్టాల అంచు సన్నగిలుచున్నదని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపియున్నారు. కొండదరి రైతు చేను పోగొట్టుకొనుటయు, కడలిదరి జాలరి తీరము పోగొట్టుకొనుటయు ఒకే మట్టి లెక్కలోని రెండు పద్దులు.

నివారణోపాయము ఒక్కచోట ఫలించినది వేఱొకచోట ఫలింపదు. 1954లో బళ్ళారిలో ఏర్పడిన భూసంరక్షణ పరిశోధన కేంద్రము అనుభవమున, ఎఱ్ఱనేలలలో మేలుచేసిన సమతలపు గట్లు లోతైన రేగడిలో నీరు నిలిపి, నెఱ్ఱెలు చొచ్చి, తామే తెగిపోయెను. నీటిని ఆపక మెల్లగా దారి చూపు వాలుగట్లే రేగడికి తగినవని తేలెను. ఏటి ఒడ్డున రెల్లు, వట్టివేరు పైపొరను పట్టియుంచును గాని, వేళ్ళకు క్రింద లోతున జారు గడ్డను అవి ఆపజాలవు. అచ్చట పాదమున రాతికట్టు, ఒడ్డుమీదికి పొలమునీరు రాకుండ మళ్ళించు కాలువ, ఊట బయటపడుటకు మార్గము కావలెను. కాలువలను దింపు ఇంజనీర్లు ఆ దింపును దినములకు పంచవలెను. ఒడ్డు పాదమునుండి ఇసుక ఎత్తుటకు ఏ పంచాయతీయు సమ్మతింపరాదు.

కుందూ, సగిలేరు, పాపఘ్ని దరుల నివసించు పాఠకులకు నా విన్నపమిది: వరద దిగిన నాటినుండి కనీసము వారము దినములు ఒడ్డు అంచునకు పశువులను తోలకుడు, పిల్లలను పంపకుడు, ఏటి వెంబడి పోవు చీలిక కనబడినచో దానిని మట్టితో దట్టించి మూసి, వాననీరు అందులో దిగకుండ చేసి, దాని కావలనున్న నేలను పోయినదిగానే ఎంచి, మోటారు షెడ్డును పొలములోనికి జరుపుకొనుడు.