నవ్వుతూ చెప్పినా నిజమే చెప్పాలి: యువత, గుడ్డు, సామాజిక మాధ్యమాలు

ఉదయం ఎనిమిది గంటల వేళ వైట్‌ఫీల్డ్ (కాడుగోడి) మెట్రో స్టేషను మెట్లెక్కే యువతీయువకులలో దాదాపు అందరి చేతిలోనూ ఫోను ఉంటుంది. కడుపులో అల్పాహారం ఉన్నదో లేదో చెప్పలేము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి ఉద్యోగాలకు వచ్చి పీజీ వసతి గృహాలలో ఉంటున్న తెలుగువారు వీరిలో తక్కువేమీ కాదు. సొంత వంటగది, తీరిక రెండూ లేనివారికి తక్కువ ఖర్చుతో పుష్టినిచ్చే ఆహారాలలో కోడిగుడ్డు ఒకటి. ఆ మాటను ఉపన్యాసంగా చెబితే యువత వినదు. ఆటగా, పాటగా, హాస్యచిత్రంగా చెబితే ఒక క్షణం ఆగి చూస్తుంది. ఆ క్షణంలో ఏమి చెప్పాలన్నదే ఈ వ్యాస విషయం.

ఒక ప్రాస చేసిన పని

గుడ్డు ప్రచారానికి మన దేశంలో పునాది వేసినది పౌల్ట్రీ రైతుల కష్టకాలం. 1980ల ఆరంభంలో గుడ్డు ధరను రైతు కాక వ్యాపారి నిర్ణయించేవాడు. పెట్టుబడి కూడా తిరిగి రాక రైతులు నష్టపోతున్న ఆ రోజులలో, వెంకటేశ్వర హ్యాచరీస్ వ్యవస్థాపకులు డాక్టర్ బండా వాసుదేవరావు వారిని కూడగట్టారు. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం (ఎన్.ఇ.సి.సి.) ఏర్పడి, ధరను రైతుల పక్షాన ప్రకటించడం మొదలుపెట్టింది. అయితే ప్రకటించిన ధర నిలవాలంటే తినేవారు పెరగాలి. అందుకే ఆ సంఘం ప్రచారానికి పూనుకున్నది. ఆదివారమైనా సోమవారమైనా రోజూ గుడ్డు తినమని ‘సండే, మండే, అండే’ పదాల ప్రాసతో హిందీలో వచ్చిన నినాదం దూరదర్శన్ ద్వారా ఇంటింటికీ చేరింది.

అందులో పోషకాల పట్టిక లేదు. గుడ్డు ఎప్పుడో ఒకసారి తినే ప్రత్యేక వంటకమన్న భావనను పక్కకు తప్పించి, నిత్యాహారంగా చూపింది. మంచి ప్రచారం ఒక్క అడ్డంకిని ఎంచుకొని దానిని మాత్రమే తొలగిస్తుంది.

చూపు నిలిపిన బొమ్మ, నమ్మకం చెరిపిన వదంతి

2019 జనవరి 4న ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో ఒక గోధుమరంగు గుడ్డు ఫోటో పెట్టి, ప్రపంచంలో అత్యధిక లైకుల రికార్డు సాధిద్దామని సరదాగా పిలుపునిచ్చారు. పది రోజులకే అది అప్పటి రికార్డును దాటింది. తరువాతి నెలలో ఆ గుడ్డుకు బీటలు వారినట్లు చూపి, మానసిక ఒత్తిడిలో ఉన్నవారు సాయం కోరాలని చెప్పారు. ఆట జనాన్ని పోగుచేసింది; చెప్పదగిన మాట ఉన్నందున ఆ ఆటకు విలువ వచ్చింది.

మరుసటి ఏడాది ఇదే మాధ్యమపు రెండవ ముఖం కనబడింది. కోళ్ల వల్ల కరోనా వస్తుందన్న ఆధారం లేని సందేశాలు వాట్సాప్‌లో వ్యాపించి, కోడిమాంసం, గుడ్ల గిరాకీ పడిపోయింది. 2020 ఫిబ్రవరి చివరలో హైదరాబాదులో జరిగిన సభలో తెలంగాణ మంత్రులు వేదికపైనే కోడిమాంసం తిని ప్రజలకు ధైర్యం చెప్పవలసి వచ్చింది. ఒక్క వేలితో పంపిన అబద్ధానికి రైతు మూల్యం చెల్లించాడు.

గుడ్డు గురించి చెప్పదగిన నిజాలు

ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, వాటితో పాటు ఎ, డి, బి12 విటమిన్లు, కోలిన్ ఉంటాయి. విటమిన్ సి, పీచుపదార్థం ఉండవు. కనుక గుడ్డుతో పాటు పండు, ఆకుకూర, పప్పు కూడా కావాలి. మనిషికి ఏడాదికి 180 గుడ్లు కావాలన్నది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు. 2023–24 కేంద్ర ప్రభుత్వ గణాంకాల ప్రకారం దేశంలో తలసరి లభ్యత 103 మాత్రమే. ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ ప్రథమ స్థానంలో ఉన్నది.

పచ్చిగుడ్డు తాగితే ఎక్కువ బలమన్న మాట సరికాదు. ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులే శరీరానికి బాగా వంటబడతాయి. పైగా పచ్చిదానిలో సాల్మొనెల్లా అనే హానికర సూక్ష్మజీవి ఉండవచ్చు. పెంకు తెలుపైనా గోధుమరంగైనా పోషకాలలో చెప్పుకోదగిన తేడా లేదు. బేకరీలో తినే ఎగ్ పఫ్‌లో సాధారణంగా సగం గుడ్డే ఉంటుంది. మిగిలినది మైదా, కొవ్వు. మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు రోజుకెన్ని తినవచ్చునో వైద్యులను అడగాలి.

తిననివారి గౌరవం

కర్ణాటక ప్రభుత్వ పాఠశాలల అనుభవం ఇక్కడ గుర్తుంచుకోదగినది. 2021 డిసెంబరులో కొన్ని జిల్లాలలో మొదలైన గుడ్ల పంపిణీ మరుసటి ఏడాది రాష్ట్రమంతటికీ విస్తరించింది. 2024 సెప్టెంబరు నుండి అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ తోడ్పాటుతో వారానికి ఆరు రోజులు అందుతున్నది. గుడ్డు వద్దన్న పిల్లలకు అరటిపండు ఇస్తారు. తినే బిడ్డ సిగ్గుపడకూడదు, తినని బిడ్డ ఆకలితో ఉండకూడదు. శనివారం నియమం పాటించే పక్కగది మిత్రుణ్ణి ఎగతాళి చేసే హాస్యచిత్రం ఎన్ని లైకులు తెచ్చినా అది గుడ్డుకు శత్రువులనే పెంచుతుంది.

మీరే ప్రచారకర్తలైతే

ప్రపంచ గుడ్ల దినోత్సవం ఏటా అక్టోబరు రెండవ శుక్రవారం వస్తుంది. ఆనాడు కళాశాల, కార్యాలయ, అపార్ట్‌మెంట్ బృందాలు చిన్న వీడియోల పోటీ పెట్టుకోవచ్చు. పది నిమిషాలలో గుడ్డుతో ఒక వంటకం. అమ్మమ్మ చేసే గుడ్డు పులుసును ముప్పై సెకన్లలో చూపడం. ‘నిజమా, వదంతియా’ అనే ప్రశ్నల ఆట వంటివి యువతను ఆకర్షిస్తాయి. రోగం తగ్గుతుందనో బరువు దిగుతుందనో హామీలు ఇవ్వకండి. ఆధారం తెలియని భయపు సందేశాన్ని ముందుకు పంపకండి. డబ్బు తీసుకొని చేసిన వీడియో అయితే ఆ మాట అందులోనే తెలపండి.

వీడియో ముగిసిన తరువాత పని ఇంకొకటి ఉన్నది. గుడ్డు పెంకులను తడిచెత్తలోనూ, కాగితపు అట్టలను పొడిచెత్తలోనూ వేయండి. ఆ చివరి దృశ్యాన్ని కూడా చిత్రీకరిస్తే కాడుగోడి వీధులకు మీరు చేసిన మేలు మరొకటి అవుతుంది.